ఫైర్ అంటే తిట్టడం కాదు

మా ఆయన చొక్కాలకు మసాలా వాసన రావడం మానేసింది. నా అనుమానం అక్కడ మొదలైంది.

మహిపాల్ నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మసాలా పొడుల ఫ్యాక్టరీలో డిస్పాచ్ సూపర్‌వైజరు. పెళ్ళయిన కొత్తలో ఆ వాసనకు నాకు తుమ్ములు ఆగేవి కావు. ధనియాలు, ఎండుమిరప, ఇంగువ అన్నీ కలిసిన ఘాటు. అతని చొక్కాలు విడిగా నానబెట్టకపోతే మా అమ్మాయి సిరి స్కూలు యూనిఫారానికి కూడా అంటుకునేది. ఇన్నేళ్ళూ ఆ వాసనను తిట్టుకుంటూనే ఉతికాను. అలాంటిది ఒక రోజు బట్టలు మెషిన్లో వేస్తూ చొక్కా ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏమీ లేదు. చమట వాసన, దాంతోపాటు ఏదో అగరుబత్తి వాసన. అంతే.

"ఈమధ్య నిన్ను ప్యాకింగ్ వైపు పంపడం లేదా?" అని అడిగాను.

"పంపుతున్నరు. ఎందుకు?"

"ఊరికే."

నేను ఊరికే ఏదీ అడగనని అతనికి తెలుసు. అయినా మళ్ళీ ఎందుకని అడగలేదు. టీవీ సౌండు పెంచుకున్నాడు. అడగకపోవడం నాకు అస్సలు నచ్చలేదు.

నా పేరు బిందుమాధవి. నాచారంలోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఎనిమిది, తొమ్మిది తరగతులకు ఇంగ్లిష్ చెబుతాను. మా నాన్న త్రిమూర్తులు గారు కాకినాడ నుంచి రైల్వే ఉద్యోగం మీద వచ్చి మల్కాజిగిరిలో ఇల్లు కట్టుకున్నారు. మహిపాల్ వాళ్ళది కీసర వైపు. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే క్లాసు, అందుకే ఇప్పటికీ 'నువ్వు' అనే పిలుచుకుంటాం. మా పెళ్ళి నాన్నకు ఇష్టం లేదు. "రేపు ఏదైనా తేడా వస్తే ఏడుస్తూ నా గుమ్మం ఎక్కకు" అన్నారు. ఇప్పుడు మహిపాల్ నాకు అబద్ధం చెబుతున్నాడని తేలితే, సిరిని తీసుకుని నేను ఎక్కాల్సింది ఆ గుమ్మమే. అందుకే తేల్చుకోవాలంటే భయం. తేల్చుకోకుండా ఆ చొక్కాలు ఉతుకుతూ కూర్చోవాలంటే ఇంకా భయం.

నాకు అనుమానం ఎక్కువని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకుంటారట. చెప్పుకోనివ్వండి. రోజూ నలభై నోట్ బుక్కులు దిద్దే మనిషికి ఎవరేం చెప్పినా అందులో తప్పెక్కడుందో చెవి దానంతటదే వెతుకుతుంది. అది రోగం కాదు, ఉద్యోగం.

ఆ వారం ఎనిమిదో తరగతికి పర్యాయపదాల పాఠం జరుగుతోంది. తిట్టడానికి ఇంగ్లిష్‌లో ఉన్న మాటలన్నీ బోర్డు మీద రాశాను. పిల్లలకు అన్నీ ఒకటే అనిపిస్తాయి, కానీ కావు. స్కోల్డ్ అంటే ఇంట్లో అమ్మ పిల్లల్ని తిట్టేది. ఆఫీసులో పెద్దవాళ్ళు పద్ధతి ప్రకారం తిడితే రెప్రిమాండ్. మొహం మీదే కటువుగా ఒక్క మాట అంటే రిబ్యూక్. ఇక మీదట ఇలా చేయకు నాయనా అని మెత్తగా మందలిస్తే అడ్మానిష్. అదేపనిగా, గుక్క తిప్పుకోకుండా వాయిస్తే బెరేట్.

"మనకూ ఉన్నాయి కదా, చెప్పండి" అన్నాను. తెలుగులో అడిగితే మా పిల్లలకు హుషారు. అక్షింతలు వేశారు, తలంటు పోశారు, గడ్డి పెట్టారు, దులిపేశారు, ఉతికి ఆరేశారు, క్లాసు పీకారు అంటూ క్లాసంతా ఒకటే గోల. వెనక బెంచీ పిల్ల లేచి, "టీచర్, ఫైర్ అయిండు రాయలేదు మీరు!" అంది.

అదీ మన తెలుగువాళ్ళ తంటా. 'అధికారులపై మంత్రి ఫైర్' అని పేపర్లో వేస్తారు. మంత్రిగారు తిట్టారని అందరికీ అర్థమైపోతుంది. టీవీ పెడితే రోజూ ఎవరో ఒకరు ఎవరి మీదో ఫైర్ అవుతూనే ఉంటారు. ఇంగ్లిష్ వాడి దగ్గర ఫైర్ చేశారంటే ఉద్యోగం పీకేశారని. రెండింటికీ పొంతనే లేదు. ఆ ముక్కే పిల్లలకు చెప్పాను. ఇంట్లో మహిపాల్‌కి కూడా చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. వాళ్ళ ప్లాంట్ మేనేజరు విశ్వనాథం గారి నోరు మంచిది కాదు. దాంతో ఇంటికి రాగానే మా ఆయన మొదటి మాట "ఇయ్యాల గూడ ఫైర్ చేసిండు బిందూ" అనే. మొన్నామధ్య నేను యూనిట్ టెస్ట్ పేపర్లు దిద్దుకుంటుంటే వచ్చి అదే మాట. "ఫైర్ చేస్తే ఇంట్లో కూర్చోవాలి మహీ. తిట్టాడు అను. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను, పేపర్లోంచి తల ఎత్తకుండానే. అంతకుముందు ఒకసారి స్కోల్డ్ అన్నాడు. "స్కోల్డ్ చేయడానికి నువ్వేమైనా చిన్నపిల్లాడివా?" అని నవ్వాను. పెళ్ళాం ఇంగ్లిష్ టీచరైతే మొగుడికి ఆ మాత్రం లాభమైనా ఉండొద్దూ!

పాఠం అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో టిఫిన్ డబ్బా విప్పుతుంటే లెక్కల టీచర్ భాగ్యశ్రీ కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె ఉండేది ఉప్పల్ దగ్గర చిలకానగర్. మంచి మనిషే. కానీ 'ఏమనుకోకు' అని మొదలుపెట్టిందంటే ఏదో ఒకటి అనుకోవలసిందే.

"బిందూ, ఏమనుకోకు. నిన్న మా అత్తమ్మను కండ్ల దవాఖానకు తీస్కపోయిన గదా. ఉప్పల్ రింగ్ రోడ్డు కాడ మీ ఆయన్ను సూసిన."

"ఎన్నింటికి?"

"పదకొండు గొట్టంగ. టిఫిన్ సెంటర్ పక్కపొంటి మెట్లు ఉంటయ్ సూడు, ఆడ నిలవడ్డడు."

ఆ టైముకి మహిపాల్ ఫ్యాక్టరీలో లారీలకు లోడింగ్ చేయిస్తూ ఉండాలి. "ఏదో డెలివరీ పని మీద వచ్చుంటాడు" అన్నాను.

"అయ్యుంటది" అంది భాగ్యశ్రీ. డబ్బాలో ఉన్న నిమ్మకాయ పులిహోర కొంచెం కలిపింది. "పక్కకు ఒకామె ఉండె. ఇద్దరు చాయ్ తాగుతున్రు. ఆమె ఏందో చెప్తే ఈయన గట్టిగ నవ్వుతుండు."

"నవ్వుతున్నాడా?"

"మస్తు నవ్వుతుండు."

ఆడమనిషి ఉందన్న మాట కన్నా అతను నవ్వాడన్న మాటే నన్ను ఎక్కువ కాల్చింది. మా ఇంట్లో మహిపాల్ గట్టిగా నవ్వి ఎంతకాలమైందో నాకు గుర్తు రాలేదు. ఆ మధ్యాహ్నం తొమ్మిదో తరగతి వాళ్ళను ఏ తప్పూ లేకుండా తిట్టాను. అది పైన చెప్పిన మాటల్లో ఏ మాట కిందకి వస్తుందో నాకే తెలియదు.

సాయంత్రం అతను మామూలు టైముకే వచ్చాడు. షూస్ విప్పి, మొహం కడుక్కుని, టీ అడిగాడు. టీ చేతికిస్తూ, "మీ విశ్వనాథం గారు ఎలా ఉన్నారు?" అన్నాను.

"బాగనే ఉన్నడు."

"ఇవాళ ఫైర్ కాలేదా?" కావాలనే అతని మాట అతనికే అప్పజెప్పాను.

కప్పు పెదవుల దాకా వెళ్ళి ఆగింది. "కాలే. ఈమధ్యల ఏమంటలేడు" అన్నాడు.

విశ్వనాథం గారు ఏమీ అనకుండా ఉండడమా? పండగపూట కూడా ఫోన్ చేసి తిట్టే మనిషి! ఈ జవాబులో తప్పుంది, ఎక్కడుందో తెలియడం లేదు. ఫ్యాక్టరీకే ఫోన్ చేసి అడగొచ్చు. కానీ 'మా ఆయన ఉన్నాడాండీ' అని ఆ మనిషిని అడగడమంటే, నా కాపురం సంగతి ఆ లోడింగ్ బే మొత్తానికి మైకులో చెప్పడమే. చచ్చినా చేయను.

అతను స్నానానికి వెళ్ళాక టేబుల్ మీద ఫోన్ మోగి ఆగింది. తెర మీద పేరు కనిపించింది: 'రాణి మేడం ఉప్పల్'. కింద నాలుగు ముక్కలు. 'నిన్న చాలా బాగా మాట్లాడారు. సిగ్గుపడకండి. రేపు తప్పకుండా రండి.'

చదివాను. మళ్ళీ చదివాను. అక్షరదోషం ఒక్కటీ లేదు. ఆ సమయంలో కూడా నేను అది చూశానంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

సిరి హోంవర్క్ చేసుకుంటూ ఉంది. అయిదో తరగతి. "మమ్మీ, డాడీ బాత్రూంలో ఎవరితోనో ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నడు" అంది.

"ఫోన్ ఇక్కడే ఉంది కదే."

"మరి ఎవరితో మాట్లాడుతున్నడు?"

తలుపు దగ్గరికి వెళ్ళి చెవి పెట్టాను. కుళాయి చప్పుడులో 'ప్లీజ్', 'థాంక్యూ మేడం' అన్న రెండు మాటలే అందాయి. మా ఆయనకు ఇంగ్లిష్‌తో సరసం నాకు తెలిసి ఎప్పుడూ లేదు. నాతో ఒక్క ముక్క కూడా మాట్లాడడు. ఎవరికోసం ఈ ముస్తాబు?

మర్నాడు అతను మామూలుగానే టిఫిన్ డబ్బా తీసుకుని బండి మీద వెళ్ళాడు. నేను స్కూలుకి వెళ్ళి, రెండో పీరియడ్ అయ్యాక తలనొప్పి అని చెప్పి బయటపడ్డాను. తలనొప్పి అబద్ధం కూడా కాదు. షేర్ ఆటోలో హబ్సిగూడ, అక్కడి నుంచి ఉప్పల్. దారి పొడుగునా ఏం అనాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. ఆమెను ఏమనాలి, అతన్ని ఏమనాలి, ముందు ఎవర్ని అనాలి. కోపం వచ్చినప్పుడు నేను మహిపాల్‌ని 'మీరు' అంటాను. ఆ రోజు మొదటి మాటే 'మీరు'తో మొదలుపెట్టాలని తీర్మానించుకున్నాను.

రింగ్ రోడ్డు దగ్గర దిగి స్కైవాక్ కింద నుంచి అటు పక్కకి వెళ్ళాను. టిఫిన్ సెంటర్ ఉంది. పక్కన మెట్లు ఉన్నాయి. మెట్ల ముందు మా బండి ఉంది. సిరి అంటించిన పువ్వు స్టిక్కరుతో సహా.

అప్పటిదాకా ఏదో మూల, భాగ్యశ్రీ పొరబడి ఉంటుందిలే అనుకుంటూనే ఉన్నాను. మెట్లెక్కాను. పైన అగరుబత్తి వాసన. చొక్కా కాలరు దగ్గర వాసన అదే. ఓరగా వేసిన తలుపు వెనక నుంచి ఒక ఆడగొంతు వినిపించింది.

"కళ్ళు మూసుకోండి మహిపాల్ గారూ. ఇక్కడ మనల్ని ఎవరూ ఏమీ అనరు. మనసులో ఉన్నది చెప్పేయండి."

కాసేపటికి మహిపాల్ గొంతు, ఎన్నడూ వినని మెత్తదనంతో, ఇంగ్లిష్‌లో వచ్చింది.

"మై వైఫ్... మై వైఫ్ డోంట్ నో."

మా ఆవిడకు తెలియదు! ఇంకేం కావాలి? తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. ఆటోలో కూడబలుక్కున్న మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. నోరు తెరిచాను. బయటికి వచ్చింది మాత్రం ఇది.

"డజంట్!"

గదిలో అందరూ తిరిగి చూశారు. అందరూ అంటే, ప్లాస్టిక్ కుర్చీల్లో ఓ పది మంది. నర్సు చీరలో ఒకామె, డెలివరీ చొక్కా వేసుకున్న ఒకతను, చేతిలో సంచితో ఒక పెద్దావిడ. గోడ మీద 'రాణి స్పోకెన్ ఇంగ్లిష్' అని బ్యానరు. దేవుడి పటం ముందు అగరుబత్తి. బోర్డు ముందు మహిపాల్, కళ్ళు ఇంకా మూసుకునే ఉన్నాడు. నా గొంతు గుర్తుపట్టి గట్టిగా బిగించుకున్నాడు.

బోర్డు పక్కనున్న రాణి గారికి యాభై దాటి ఉంటాయి. తెల్లజుట్టు, మోకాలి నొప్పి నడక. "రండమ్మా, కూర్చోండి. కొత్తగా చేరడానికా?" అంది.

"కాదండీ" అన్నాను. "నేను ఆ వైఫ్‌ని."

ఎవరో కిసుక్కున నవ్వారు. మహిపాల్ కళ్ళు తెరిచి, నా వైపు చూడకుండా, నా చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళాడు.

పక్కనే చాయ్ హోటల్లో కూర్చున్నాం. కట్టి కట్టి పూర్తికాని ఫ్లైఓవర్ పిల్లర్ల దుమ్ము బల్లల మీద పేరుకుని ఉంది. 'మీరు'తో మొదలుపెట్టాను.

"ఫ్యాక్టరీ మానేసి మీరు ఇక్కడ ఏం చేస్తున్నారు?"

"మానెయ్యలే. తీసేసిన్రు."

"ఎప్పుడు?"

"నీకు చెప్పిన గదా."

"నాకా? ఎప్పుడు చెప్పారు?"

మహిపాల్ చాయ్ కప్పును సాసర్లో అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు పేపర్లు దిద్దుతున్నవ్. నేనొచ్చి సోఫాల కూసొని చెప్పిన. మా సారు నన్ను ఫైర్ చేసిండు బిందూ అని."

ఆ యూనిట్ టెస్ట్ పేపర్లు గుర్తొచ్చాయి.

"ఆ దినం కరెక్టు మాటనే చెప్పిన. నువ్వు నేర్పిన అర్థమే. నువ్వు తల గూడ ఎత్తలే. తిట్టిండు అను అన్నవ్. సరే, తిట్టిండు అన్న."

"అయితే మళ్ళీ చెప్పాలి కదా! ఉద్యోగం పోయిందే అని తెలుగులో ఏడవొచ్చు కదా!" గట్టిగా అరిచాను. పక్క బల్ల వాళ్ళు చూస్తున్నారని తెలుస్తూనే ఉంది. తప్పు నా వైపు జరుగుతోందని అర్థమవుతున్నకొద్దీ నా గొంతు పెరుగుతుంది. నా సంగతి అంతే.

"చెప్దామనే ఉంటి. నువ్వు ఎన్నిసార్లు చెప్పాలె అన్నవ్ గదా, ఇగ నోరు రాలే. తెల్లారి చెప్దామనుకున్న. తెల్లారి గూడ రాలే. టిఫిన్ డబ్బా కట్టిచ్చినవ్, తీస్కపోయిన."

ఆ టిఫిన్ డబ్బా ఎక్కడ కూర్చుని తినేవాడో అడగలేదు. అడగడానికి ధైర్యం చాలలేదు. ఎందుకు తీసేశారని అడిగాను.

అతను చెప్పింది ఇదీ. ఆ ఫ్యాక్టరీని ఈ మధ్య చెన్నై వాళ్ళు కొన్నారు. బోనాల సెలవు నాడు చెన్నై ఆఫీసు నుంచి హెచ్‌ఆర్ మేడం ఫోన్ చేసింది. మనకు సెలవు కానీ వాళ్ళకు లేదు. ఆమెకు తెలుగు రాదు, హిందీ రాదు. మీ మేనేజరుతో ఇబ్బందులేమైనా ఉన్నాయా, ధైర్యంగా చెప్పండి అని ఇంగ్లిష్‌లో అడిగింది. ఇన్నాళ్ళకు ఒకరు అడిగారు కదా అని మనవాడు మనసు విప్పాడు. 'హీ ఈజ్ ఫైరింగ్ మీ డెయిలీ మేడం. ఇన్ ఫ్రంట్ ఆఫ్ లేబర్. యెస్టర్‌డే ఆల్సో ఫైర్డ్.'

"ఆమె పరేషాన్ అయింది. నిన్ననే తీసేసిండా, కాగితం ఇచ్చిండా అని అడిగింది. కాగితం లేదు మేడం, ఓన్లీ మౌత్ అన్న."

ఇంకెప్పుడైనా అయితే పగలబడి నవ్వేదాన్ని. నోటీసు లేకుండా మనిషిని ఎలా తీసేశావని చెన్నై వాళ్ళు విశ్వనాథం గారిని నిలదీశారు. ఆయన భగ్గుమన్నాడు. నేను తీసేశానని అబద్ధం చెబుతావా అన్నాడు. మహిపాల్ చెన్నైకి ఫోన్ చేసి, మేడం, ఫైర్ అంటే మా దగ్గర తిట్టడమే అని చెప్పుకున్నాడు. ఫైర్డ్ అంటే ఫైర్డ్ అని ఆమె ఫోన్ పెట్టేసింది. పై అధికారి మీద తప్పుడు ఫిర్యాదు చేశాడని చెప్పి నిజంగానే తీసేశారు.

"మరి ఆ మాట నన్నొకసారి అడగొచ్చు కదా మహీ." 'మీరు' ఎప్పుడు జారిపోయిందో నాకే తెలియలేదు. "ఆవిడ ఫోన్ చేసినప్పుడు, ఒక్క నిమిషం మేడం అని చెప్పి నాకు ఫోన్ చేస్తే..."

"ఫోన్ ఎందుకు? నువ్వు ఇంట్లనే ఉన్నవ్. బోనాల సెలవు గదా."

"ఇంట్లోనా?"

"నువ్వు వంటింట్ల ఉన్నవ్. నా ఇంగ్లిష్ నీకు ఇనబడొద్దని, తలుపు దగ్గరకేసి మెట్ల మీదికి పోయి మాట్లాడిన."

ఆ ఒక్క వాక్యం నా చెవిన పడి ఉంటే, గరిటె చేత్తోనే పరిగెత్తుకెళ్ళి దిద్దేదాన్ని. ఉద్యోగం ఉండేది. నాకు దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖంలోనే కోపం కూడా వచ్చింది.

"ఇంట్లో ఇంగ్లిష్ టీచర్ని పెట్టుకుని ఇక్కడికొచ్చి నేర్చుకుంటున్నావా? నన్ను అడిగితే చెప్పనా?"

"రాణి మేడం కాడ తప్పు వోతే ఆమె నవ్వుతది, నేను గూడ నవ్వుత." చాయ్ కప్పు పక్కకు జరిపాడు. "నువ్వు తిట్టవ్ బిందూ. దిద్దుతవ్. తిడితేనే నయముండు. మా సారు తిడితే ఇంటికొచ్చినంక మర్చిపోతుంటి."

తిరిగి వస్తూ బండి మీద వెనక కూర్చున్నాను. నాచారం మలుపులో, రేపు పొద్దున పోచారంలో ఇంటర్వ్యూ ఉందని ముందుకే చూస్తూ చెప్పాడు. ఐటీ క్యాంపస్ క్యాంటీన్‌కి స్టోర్స్ సూపర్‌వైజరు కావాలట. పాత ఉద్యోగం ఎందుకు పోయిందని తప్పకుండా అడుగుతారట. దానికోసమే ఈ వారమంతా సాధన.

సాయంత్రం సిరి పక్క ఫ్లాట్‌లో ఆడుకోవడానికి వెళ్ళింది. నేను కుర్చీ వేసుకుని అతని ఎదురుగా కూర్చున్నాను. "నాకు చెప్పు. నేను ఇంటర్వ్యూ చేసేవాళ్ళలా వింటాను" అన్నాను.

"వద్దు బిందూ."

"ఏమీ అనను. ఒట్టు."

గొంతు సవరించుకున్నాడు. "సర్, మై మేనేజర్..." అని నా మొహం చూసి ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. నేను నిజంగానే ఏమీ అనలేదు. కనుబొమ కూడా ఎత్తలేదనే అనుకుంటున్నాను. కానీ నా ఎదురుగా నిలబడి పాఠం అప్పజెప్పే పిల్లలు ఎలా చూస్తారో, మా ఆయన నన్ను అలా చూస్తున్నాడు. నాకంటే మూడు నెలలు పెద్దవాడు, నా కోసం మా నాన్న ఎదుట నిలబడి మాట్లాడిన మనిషి.

"నువ్వు గట్ల సూస్తుంటే వస్తలేదు" అన్నాడు.

లేచి కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను. "ఇప్పుడు చెప్పు" అన్నాను.

అతను మొదలుపెట్టాడు. మొదటి వాక్యంలోనే తప్పు దొర్లింది. నా మెడ దానంతటదే తిరగబోయింది. కుర్చీ అంచు పట్టుకున్నాను. రెండో వాక్యంలో రెండు తప్పులు. ఆ తర్వాత తప్పులు వినడం మానేశాను, ఎందుకంటే అతను ఆగకుండా చెబుతున్నాడు, చెబుతున్నవి నాకు తెలియనివి. లారీ ఆలస్యమైతే ఆ మేనేజరు తనను లేబర్ ముందు గంటసేపు నిలబెట్టేవాడట. అన్నం తింటుంటే డబ్బా ముందు నుంచి లేపి తీసుకెళ్ళేవాడట. ఒకసారి చనిపోయిన వాళ్ళ నాన్నను కూడా కలిపి ఏదో అన్నాడట. 'మై ఫాదర్ నేమ్ ఆల్సో హీ టేక్.' మామయ్య నన్ను సొంత కూతురిలా చూసుకున్న మనిషి. ఇన్నేళ్ళూ 'ఫైర్ చేసిండు' అని వచ్చినప్పుడల్లా నేను ఆ మాటనే విన్నాను. ఏమని తిట్టాడు అని ఒక్కనాడూ అడగలేదు.

"అయిపోయింది" అన్నాడు మహిపాల్. "ఇగ ఇటు తిరుగు."

"ఒక ముక్క మళ్ళీ చెప్పు మహీ."

"ఎందుకు? తప్పు వోయిందా?"

"లేదు. మీ నాన్నను కలిపి ఏమన్నాడో ఆ ముక్క. తెలుగులో చెప్పు."

అతను ఇంకో కుర్చీ తెచ్చుకుని, నా పక్కనే, తనూ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చెప్పాడు.